ఎల్‌పీజీ వేన్ పంపు: ఏళ్ల తరబడి విప్పి బిగించినవాడి మాట

ఎల్‌పీజీ లైన్లలో విప్పి బిగించడానికి స్లైడింగ్ వేన్ పంపు అంత సులువైనది నాకింకొకటి తగల్లేదు. అయితే మొదటి బోల్టు మీద స్పానర్ పెట్టేలోపు చేయాల్సిన పని ఒకటుంది: లోపలున్న గ్యాస్‌ను పూర్తిగా వదిలించడం. అసలు రిపేరు కంటే ఎక్కువ టైము దానికే పడుతుంది. ఆ పనిని ఈ పంపు ఏమాత్రం తగ్గించదు. మా దగ్గరున్న మోడల్ అయితే కాస్త పెంచింది కూడా.

బుల్లెట్ ట్యాంకు (పడుకోబెట్టిన పొడవాటి నిల్వ ట్యాంకు) నుంచి సిలిండర్ నింపే లైనుకు లిక్విడ్ తోడేది మా పంపే. లోపల తిరిగే రోటర్, దాని గాడుల్లో జారే పలకలు, అవే వేన్లు. తిరిగేకొద్దీ వేన్లు బయటికి జరిగి లైనర్‌ను, అంటే పంపు లోపలి గోడను, ఒరుసుకుంటాయి. అరిగితే ఇంకాస్త బయటికి వస్తాయి. అందుకే బాగా అరిగేదాకా ఫ్లో పడిపోదు, కొత్త వేన్లు వేస్తే మళ్లీ మామూలుకొస్తుంది. ఏళ్లుగా ఈ పంపును వదలకపోవడానికి పెద్ద కారణం ఇదే.

గడగడ శబ్దం రాగానే పంపు విప్పేద్దామంటారు చాలామంది. ముందు సక్షన్ స్ట్రైనర్, అంటే పంపులోకి లిక్విడ్ వచ్చే వైపున్న జల్లెడ, చూడండి. ట్యాంకులో ఎల్‌పీజీ ఎప్పుడూ మరిగే అంచునే ఉంటుంది. సక్షన్‌లో ప్రెషర్ కాస్త పడినా ఆవిరై పంపులోకి బుడగలుగా వస్తుంది, ఆ శబ్దం దానిదే. షాఫ్టు దగ్గర వాసన, సీల్ చుట్టూ తెల్లగా మంచు కనిపిస్తే మాత్రం సీల్ పోయినట్టే, విప్పాల్సిందే. స్ట్రైనర్ శుభ్రంగా ఉండి కూడా ఫ్లో తగ్గితే, ఎక్కువైన లిక్విడ్‌ను వెనక్కి పంపే బైపాస్ వాల్వు సరిగా కూర్చుంటోందో లేదో చూశాకే వేన్ల మీద అనుమానపడాలి.

పర్మిట్ లేకుండా చేయి పెట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు. చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ వారి వర్క్ పర్మిట్ ప్రమాణం, ఓఐఎస్‌డీ 105, ఉన్నదే అందుకు. కరెంటు సంగతికొస్తే స్టార్టర్ ఆఫ్ చేయడం ఐసోలేషన్ (కరెంటును పూర్తిగా విడదీయడం) కాదు. ఐసోలేటర్‌కు మీ తాళం, తాళంచెవి మీ జేబులో. తర్వాత ఒకసారి స్టార్ట్ బటన్ నొక్కి, మోటారు కదలట్లేదని చూసుకోవాలి.

అసలు టెన్షన్ గ్యాస్‌తోనే. సక్షన్, డిశ్చార్జి వాల్వులు కట్టేసి, మధ్యలో మిగిలింది బ్లీడ్ (గ్యాస్ వదిలే చిన్న వాల్వు) ద్వారా ఎత్తులో ఉన్న వెంట్‌కో, గ్యాస్‌ను మండించే ఫ్లేర్‌కో నెమ్మదిగా వదలాలి. నేల మీదికి వదిలితే ఎక్కడికీ పోదు. ప్రొపేన్ ఆవిరి గాలి కంటే ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువు. కేబుల్ ట్రెంచిలోకి దిగి కూర్చుంటాయి. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై పేలినప్పుడు ఏం జరిగిందో ఈ పనిలో ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఒక లీటరు లిక్విడ్ సుమారు 250 లీటర్ల ఆవిరి అవుతుంది. గాలిలో రెండు శాతం దాకా చేరితే చాలు, అంటుకోవడానికి సిద్ధం.

బ్లీడ్ తెరిచిన కాసేపటికి గేజు సున్నాకు వస్తుంది. కొత్త కుర్రాడెవరైనా పక్కనుంటే "అన్నా, సున్నా అయింది, విప్పేద్దామా?" అంటాడు. "ఆగు తమ్ముడూ, ముందు కేసింగ్ చూడు" అంటాను. కేసింగ్ (పంపు బయటి లోహపు గుల్ల) కింది సగం మీద తెల్లటి పొర ఉంటుంది, గ్లవ్‌తో గీస్తే పొడిలా రాలుతుంది. లోపల ఇంకా లిక్విడ్ ఉందని దానర్థం. ఆవిరవుతూ తనను తానే చల్లబరుచుకుంటుంది కాబట్టి ప్రెషర్ చూపించదు. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే మరుగుతుంది, అంత చలిలో గేజు కదలదు. పైగా బ్లీడ్ నోటికి మంచు పట్టి మూసుకుపోతే గ్యాస్ రావడమే ఆగిపోతుంది. అప్పుడు విప్పితే, లోహం వేడెక్కేసరికి గ్యాస్ మన ముఖం మీదికే వస్తుంది. మంచు కరిగి, తడి ఆరి, కేసింగ్ పక్కనున్న పైపు అంత వెచ్చగా అయ్యేదాకా ఆగాలి. అప్పుడు బ్లీడ్ మూసి గేజు చూడాలి. ముల్లు మెల్లగా లేస్తే ఏదో ఒక వాల్వు పాస్ అవుతోంది, అంటే మూసినా గ్యాస్ వదులుతోంది. లైనుకు అడ్డంగా బ్లైండ్ (రంధ్రం లేని పలక) వేసేదాకా విప్పే మాటే లేదు.

మా మోడల్ మీద నా పెద్ద ఫిర్యాదు ఇక్కడే. కేసింగ్ అడుగున డ్రెయిన్ లేదు, బ్లీడ్ పై వైపుంది. అడుగున నిలిచిన లిక్విడ్ ఆవిరై పోవాల్సిందే తప్ప దించడానికి దారి లేదు. కొత్తది కొనేవాళ్లు ఈ ఒక్కటీ చూసుకుని కొనండి.

తర్వాత రెగ్యులేటర్ పెట్టి తక్కువ ప్రెషర్‌లో నైట్రోజన్‌తో ఊదాలి. కంప్రెసర్ గాలి పొరపాటున కూడా వద్దు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. గ్యాస్‌ను కాల్చి కొలిచే క్యాటలిటిక్ సెన్సర్ ఉన్న ఎక్స్‌ప్లోజీమీటర్ (మండే గ్యాస్ ఎంతుందో చూపే మీటరు) పనిచేయాలంటే ఆక్సిజన్ కావాలి. నైట్రోజన్ నిండిన కేసింగ్‌లో ప్రోబ్ పెడితే గ్యాస్ ఉన్నా తక్కువే చూపిస్తుంది. లోపలికి ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ మీటరు, బయట చుట్టూ మామూలు మీటరు వాడతాం. ముక్కును నమ్ముకోవద్దు, ఆ వాసనకు కాసేపట్లోనే అలవాటు పడిపోతుంది.

ఇక్కడి నుంచి పంపు మంచితనం మొదలవుతుంది. మనకు ఎదురుగా ఉన్న వైపు కాకుండా అవతలి వైపు బోల్టులు ముందు వదులు చేయాలి, ఏదీ పూర్తిగా తీయకుండా. మూత కదిలి, చప్పుడేమీ లేదని తేలాకే మిగతావి. వేన్లు మార్చడానికి మోటారు వైపు మూత ముట్టుకోనక్కర్లేదు, పైపులు విప్పనక్కర్లేదు. బయటి వైపు మూత, డిస్కు తీసి, షాఫ్టును చేత్తో తిప్పుతూ వేన్ పైకి వచ్చినప్పుడల్లా లాగి కొత్తది దూర్చడమే. గుండ్రటి అంచు లైనర్ వైపు, గాడి ఉన్న ముఖం తిరిగే దిశ వైపు. సీల్ మార్చేటప్పుడు కార్బన్ ముఖాన్ని వేలితో తాకొద్దు. పాత ఓ-రింగులు ఎంత బాగున్నా పారేయాలి. బజారులో దొరికే మామూలు రబ్బరువి ఎల్‌పీజీలో ఉబ్బిపోతాయి, కంపెనీ కిట్టే కొనండి. అది ఖరీదే, ఆర్డరు పెట్టాక రావడమూ ఆలస్యమే. ఒక సెట్టు ఎప్పుడూ స్టోర్‌లో ఉంచుకోవాలి.

బేరింగ్ లాక్‌నట్ బిగించాక షాఫ్టు చేత్తో తేలిగ్గా తిరగాలి. ఎక్కడైనా పట్టేస్తే రోటర్ ఒక పక్కకు జరిగిందని అర్థం. లాక్‌వాషర్ చెవి మడవడం మర్చిపోవద్దు. తిరిగి లైన్లో పెట్టేటప్పుడు ముందు ఆవిరి ఇచ్చి ప్రెషర్ సమానం చేయాలి, సబ్బు నీళ్లతో ప్రతి జాయింటూ చూడాలి, ఆ తర్వాతే లిక్విడ్. బయటి బైపాస్ పంపు సొంత రిలీఫ్ వాల్వు కంటే తక్కువ ప్రెషర్‌కే తెరుచుకునేలా ఉండాలి. లేకపోతే లిక్విడ్ పంపులోనే తిరిగి తిరిగి వేడెక్కుతుంది, కొత్త వేన్లు ఎక్కువ కాలం ఉండవు.

రోజంతా నడిచే ప్లాంటుకు ఈ పంపు నిశ్చింతగా తీసుకోవచ్చు. నెలకోసారి ట్యాంకరు దించుకునే చిన్న ఫ్యాక్టరీకైతే, పర్మిట్లు రాసి నైట్రోజన్ పట్టే మనుషులు దగ్గర్లో లేనప్పుడు, సర్వీసు కాంట్రాక్టుతో కలిపి ధర మాట్లాడుకోండి.