వరదలో పోయిన ఇంజిన్, ఇన్సూరెన్స్‌లో వచ్చిన సెకండ్ హ్యాండ్ ఇంజిన్: 14 నెలలు వాడాక

నాది 2015 స్విఫ్ట్ డీజిల్. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మీద పడ్డ రోజు కారు ఇంటి ముందే ఉంది. లేచి చూసేసరికి బానెట్ దాకా నీళ్లు, సాయంత్రానికి టాప్ ఒక్కటే కనబడింది. మేం పడవెక్కి ఫ్లైఓవర్ దగ్గర దిగి గుణదలలో అక్క వాళ్లింటికి పోయాం, కారు మాత్రం ఎనిమిది రోజులు ఆ బురదలోనే నానింది.

నీళ్లు తీశాక మా బావమరిది వేరే బ్యాటరీ పట్టుకొచ్చి "ఒక్కసారి తాళం తిప్పి చూద్దాం బావా" అన్నాడు. తిప్పనివ్వలేదు. తర్వాత తెలిసింది, నా క్లెయిమ్ మొత్తం ఆ ఒక్కదాని మీదే నిలబడిందని. బండి వరదలో మునిగి పాడైతే మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలోనే వస్తుంది, కానీ లోపల నీళ్లుండగా స్టార్ట్ చేసి కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌కి తగిలించి ఉండే రాడ్) వంగిందంటే అది మనం చేసుకున్న డ్యామేజీ కింద పోతుంది, అదనంగా డబ్బు కట్టి తీసుకునే ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ లేకపోతే ఇక అంతే. తొమ్మిదేళ్ల బండికి నాకు ఆ యాడ్-ఆన్ లేదు. ఇన్సూరెన్స్ తరఫున డ్యామేజీ చూడ్డానికొచ్చిన సర్వేయర్ "స్టార్ట్ చేశారా" అని మూడుసార్లు మూడు రకాలుగా అడిగాడు. ఇంజిన్ విప్పితే రాడ్లు బాగానే ఉన్నాయి, సిలిండర్లు తుప్పుపట్టి పిస్టన్లు బిగుసుకుపోయాయి. గోడ మీది నీటి మరక, కారు ఒకే ఫ్రేములో పడేలా తీసిన ఫొటోలు అక్కడ బాగా పనికొచ్చాయి.

అసలు టెన్షన్ ఆ తర్వాత. కొత్త ఇంజిన్‌తో కంపెనీ వర్క్‌షాప్ ఇచ్చిన ఎస్టిమేట్ 2,60,000 దాటింది, నా ఐడీవీ, అంటే పాలసీలో బండికి కట్టిన విలువ, చూస్తే 2,90,000. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ అంటారు, డబ్బులిచ్చి బండి తీసుకుంటారు. డెబ్బై ఎనిమిది వేల కిలోమీటర్లే తిరిగిన బండి, ఒక్క యాక్సిడెంట్ లేదు, నాకు ఇవ్వబుద్ధి కాలేదు. ఆటోనగర్‌లో మా మేస్త్రి "పాత ఇంజిన్ వేసుకుంటాం, ఎస్టిమేట్ తగ్గుతుంది, అడుగు బాబాయ్" అన్నాడు. అడిగితే సర్వేయర్ ఒప్పుకున్నాడు, కాకపోతే ఇంజిన్‌కి జీఎస్టీ బిల్లు, అది ఏ బండిలోదో ఆ బండి ఆర్సీ కాపీ కావాలన్నాడు.

ఈ 1.3 డీజిల్ ఇంజిన్ స్విఫ్ట్‌లో, డిజైర్‌లో, ఎర్టిగాలో, టాటా, ఫియట్ బండ్లలో కూడా వచ్చింది కాబట్టి ఆటోనగర్‌లో దొరక్కపోవడం ఉండదు. తంటా ఏంటంటే ఆ అక్టోబర్‌లో అక్కడికొచ్చిన ఇంజిన్లలో నాలాగే మునిగినవి ఎన్నో ఎవరికి తెలుసు? నీళ్లలో పోయిన ఇంజిన్ తీసి నీళ్లలో పోయిన ఇంజినే కొనుక్కుంటే అంతకన్నా కామెడీ లేదు. మేస్త్రి ఆయిల్ మూత తీసి అడుగున పాలు కలిపిన కాఫీ రంగు ఉందా అని చూశాడు (ఆయిల్‌లో నీళ్లు కలిస్తే ఆ రంగొస్తుంది), బోల్టు రంధ్రాల్లో, గేర్ బాక్స్ కలిసే చోట ఎండిన బురద కోసం స్క్రూడ్రైవర్‌తో గీకాడు. మూడు వద్దన్నాడు. నాలుగోది గుంటూరు వైపు వెనక నుంచి లారీ గుద్దిన డిజైర్‌ది, ముందు భాగానికి దెబ్బ లేదు. నేల మీదే బ్యాటరీ కలిపి స్టార్ట్ చేయించి, ఆయిల్ మూత తీసి పొగ ఎగదన్నుతుందేమో చూశాక 62,000కి బేరం కుదిరింది. బిగించాక ఇంజెక్టర్ల నంబర్లు స్కానర్‌తో ఈసీఎంలో, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్లో, ఎక్కించాలి, అది మర్చిపోవద్దు.

మొత్తం బిల్లు 1,54,000. ఇన్సూరెన్స్ వాళ్లు మొదట ఇంజిన్ మీద కూడా 40 శాతం తరుగు కోశారు, ఐదేళ్లు దాటి పదేళ్లు దాటని బండి మెటల్ పార్టులకి అంతే మరి. "తరుగు తీసేది పాతదాని బదులు కొత్తది వేస్తున్నందుకు కదా, నేను పాతదానికి పాతదే వేస్తున్నా" అని మెయిల్ పెట్టా. రెండు వారాలు తిప్పి ఇంజిన్ వరకు తీసేశారు. రబ్బరు, ప్లాస్టిక్‌కి సగం కోత, ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన వెయ్యి రూపాయల కంపల్సరీ డిడక్టబుల్, ఇవన్నీ పోను 1,08,000 వచ్చింది. నా చేతి నుంచి 46,000.

అన్నిటికన్నా ఎక్కువ తిప్పింది ఆర్సీ. ఇంజిన్ మారిస్తే 14 రోజుల్లో రవాణా శాఖకి చెప్పి ఆర్సీలో కొత్త ఇంజిన్ నంబర్ ఎక్కించుకోవాలి. ఇంజిన్ అమ్మినాయన డబ్బులు తీసుకున్నంత చురుగ్గా పాత బండి కాగితాలు ఇవ్వలేదు, ఫోన్ చేస్తే "రేపు పంపిస్తా అన్నా", అలా నెల దాటింది. చివరికి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నంబర్ చూసి రాసుకుని, ఆర్సీ మారి, పాలసీలో కూడా ఆ మార్పు ఎక్కి ఎండార్స్‌మెంట్ పడేదాకా నేను బండి ఊరు దాటించలేదు. ఆ మధ్యలో ఏదైనా జరిగితే క్లెయిమ్‌లో పట్టుకునేది ముందు ఆ నంబర్నే. ఈసారైతే కాగితాలు చేతికొచ్చేదాకా సగం డబ్బు ఆపేస్తా.

ఇప్పటికి 19,000 కిలోమీటర్లు తిరిగా. హైదరాబాద్ రోడ్డు మీద లీటరుకి 20 ఇస్తోంది, పికప్ పాత ఇంజిన్‌కి ఏం తీసిపోదు. ఆరో నెలలో ఒక గ్లో ప్లగ్ పోయింది, టర్బో పైపు దగ్గర కొంచెం ఆయిల్ చెమర్చితే క్లిప్పు మార్చారు. ఇంజిన్ వల్ల వచ్చినవి అంతే. సతాయించేదంతా వరద తాలూకు వైరింగే, ఎడమ వెనక డోర్ అద్దం మూడుసార్లు ఆగిపోయింది, సెంట్రల్ లాక్ దాని ఇష్టం వచ్చినప్పుడు పడుతుంది, వానాకాలంలో ఏసీ వేస్తే ఇప్పటికీ సన్నగా బురద వాసన. మా ఆవిడ ముక్కుకే ముందు తెలుస్తుంది.

అమ్మినాయన 64,000 తిరిగిన ఇంజిన్ అన్నాడు, నిజమో కాదో ఆ దేవుడికే తెలియాలి. నా మీటర్ నా బండిదే చూపిస్తుంది కాబట్టి ఇంజిన్ లెక్క విడిగా డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసుకుంటున్నా. ఈమధ్య పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు సెకన్లు గలగలమంటోంది. టైమింగ్ చైన్ అంటున్నాడు మేస్త్రి, వచ్చే సర్వీసులో కిట్ మార్పిస్తున్నా.