డిప్‌స్టిక్ దారిలో ఆయిల్ లాగే చేతిపంపు: ఏళ్ల తరబడి వాడాక

ఇంజను ఆయిల్ లెవెల్ చూసే పుల్ల, అంటే డిప్‌స్టిక్, దూర్చే గొట్టంలోంచి పాత ఆయిల్‌ని పైకి లాగి తన డబ్బాలో నింపుకుంటుంది ఈ పంపు. ఇందులో నాకు ప్రాణమైనది ఒక్కటే, ఆ డబ్బా మీదున్న లీటరు గీతలు. బండి వర్క్‌షాపుకిచ్చిన రోజుల్లో కొత్త ఆయిల్ ఎంత పోశారో బిల్లులో ఉండేది. పాతది ఎంత దిగిందో ఎవరూ చెప్పేవారు కాదు. ఇంజను ఆయిల్ తాగుతోందా లేదా తేలాలంటే ఆ రెండో లెక్కే కావాలి. పాత ఆయిల్ కిందికి వదలడానికి ఇంజను అడుగునుండే డ్రైన్ బోల్టుని వాళ్లు ఎయిర్ గన్నుతో బిగించి మూలలు అరగ్గొట్టే బాధ కూడా తప్పింది.

మాది వ్యాగన్ఆర్ 1.2 పెట్రోలు, ఫిల్టరుతో కలిపి 3 లీటర్ల పైచిలుకు పడుతుంది. ఒకసారి 2 లీటర్ల గీత దాటీ దాటగానే పంపు గరగరమని గాలి లాగడం మొదలుపెట్టింది. గుండె జారిపోయింది. మొదలుపెట్టేముందే డిప్‌స్టిక్ చూశాను, లెవెల్ పై గుర్తుకు దగ్గరగానే ఉంది. అంత నిండుగా ఉన్న ఇంజనులో మిగతాది ఏమైనట్టు? పైపు అటూ ఇటూ తిప్పినా చుక్క రాలేదు. చివరికి ముందు చక్రాలు ర్యాంపుల మీదికెక్కించి బోల్టు విప్పితే నల్లటి ధార ఆగకుండా కారింది. కొలిస్తే ముప్పావు లీటరు! తప్పంతా పైపుదే. చుట్టచుట్టి అమ్మిన ప్లాస్టిక్ పైపు వేడి ఆయిల్‌కి మెత్తబడి మళ్లీ చుట్ట తిరిగేది, కొస ఇంజను కింద ఆయిల్ నిలిచే చాంబర్ అడుగు నుంచి పైకి లేచిపోయేది. ఆ పాతది లోపలుండగానే 3 లీటర్లూ పోసుంటే లెవెల్ పై గుర్తు దాటేది. అప్పుడు ఇంజనులో తిరిగే ప్రధాన ఇరుసు, క్రాంక్‌షాఫ్టు, ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, నురగ పట్టిన ఆయిల్‌తో బేరింగులకు ప్రెషర్ సరిగా అందదు.

కాస్త గట్టి, తిన్నటి పైపు వేశాక ఆ గొడవ లేదు. అయినా గీతల మీద మునుపటంత భరోసా మాత్రం లేదు. పూర్తిగా లాగాననుకున్నాక కూడా బోల్టు విప్పితే ఓ టీ గ్లాసుడు వస్తుంది. అందుకే ఒకసారి పంపు, మరోసారి బోల్టు. విప్పినప్పుడల్లా వాషర్ కొత్తది వేస్తాను.

ఫిల్టరు మా బండికి కిందనుంచే అందుతుంది, కాబట్టి బండిని ర్యాంపులు ఎలాగూ ఎక్కించాలి. ఫిల్టరు పైనే ఉన్న బండ్లవాళ్లకు ఈ పంపు నాకంటే ఎక్కువ కలిసొస్తుంది. నా బండికి వారంటీ అయిపోయింది, ఇంటిముందు చదునైన సిమెంటు నేలుంది. పాత ఆయిల్‌ని రీసైక్లింగ్ డ్రమ్ములో పోయించుకునే గ్యారేజీ వీధి చివరే ఉంది. వారంటీ ఉన్న బండికైతే దీన్ని కొనమని చెప్పను. పాత ఆయిల్ ఇవ్వడానికి చోటు లేనివాళ్లకైతే అసలే వద్దంటాను, ఎంత డబ్బు మిగిలినా సరే.