హార్లెమ్‌లో టెన్ బూమ్ వాళ్ళ ఇల్లు: నెదర్లాండ్స్ వస్తే తప్పక చూడండి

మా అమ్మ గుంటూరు నుంచి నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ కాలువలకన్నా ముందు ఇక్కడికే తీసుకెళ్ళాను. రైలెక్కితే 20 నిమిషాల్లోపే హార్లెమ్. టికెట్ లేదు, మనసుకి తోచినంత కానుక వేయొచ్చు, కానీ ముందే ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. సుమారు గంటసేపు గైడ్ దగ్గరుండి చెబుతారు, ఇంగ్లిష్‌లో కూడా ఉంటుంది. మెట్లు మాత్రం బాగా ఇరుకు, నిటారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్తే తొందరపెట్టకండి, మా అమ్మ ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కింది.

ఇది టెన్ బూమ్ కుటుంబం 1837లో పెట్టిన గడియారాల షాపు, పైన వాళ్ళ కాపురం. 1844 నుంచి ఆ ఇంట్లో యూదుల కోసం ప్రార్థన కూడిక జరిగేది. సరిగ్గా నూరేళ్ళకి, 1944 ఫిబ్రవరి 28న, యూదుల్ని దాచారని అదే ఇంటి మీద నాజీ పోలీసులు పడ్డారు. ఈ సంగతి వినగానే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

పై అంతస్తులో ఆ ఇంటి కూతురు కొరీ గది. దుప్పట్లు పెట్టుకునే అల్మరాలో కింది అర తెరిస్తే, దాని వెనక పాక్కుంటూ దూరాల్సిన సందు. లోపల లోతు రెండున్నర అడుగులే. మనం చూడటానికి ఇప్పుడు గోడకి పక్కన కన్నం తీసి ఉంచారు. సోదా జరిగిన రోజు ఆరుగురు అందులో దాదాపు రెండు రోజులు నిలబడి ఉన్నారు, వాళ్ళు దొరకలేదు. పరుపు వెచ్చగా ఉంటే ఎవరో పడుకున్నారని పోలీసులకి తెలిసిపోతుంది కదా, అందుకని లేచి దాక్కునేముందు పరుపు తిరగేసేవాళ్ళట, దానికి ప్రాక్టీసు కూడా చేసేవాళ్ళట. అమ్మ ఈ ముక్క నాతో రెండుసార్లు చెప్పించుకుంది.

నన్ను కదిలించింది మాత్రం కొరీ తండ్రి కాస్పర్ గారు. ఆ సోదాలో ఆయన్నీ, కూతుళ్ళనీ పట్టుకెళ్ళారు. 84 ఏళ్ళ ముసలాయన, మళ్ళీ ఇలాంటి పని చెయ్యనని ఒక్క మాట ఇస్తే ఇంటికి పంపిస్తాం అన్నారు పోలీసులు. ఇవాళ వదిలితే రేపు సాయం కోరి ఎవరొచ్చి తట్టినా తలుపు తీస్తానని చెప్పేశాడు. పది రోజులకే, ఇంకా ఖైదులో ఉండగానే, ఆసుపత్రిలో చనిపోయాడు. పెద్ద కూతురు బెట్సీ ఆ డిసెంబరులో రావెన్స్‌బ్రూక్ అనే నాజీల నిర్బంధ క్యాంపులో పోయింది, కొరీ బతికి బయటపడింది. మా ఇంట్లో బైబిల్ వాక్యం క్యాలెండర్ మీద 'మరణమువరకు నమ్మకముగా ఉండుము' అని చిన్నప్పటి నుంచీ చదువుతున్నాను. ఒక్క అబద్ధపు మాటతో బయటపడే వీలుండి కూడా ఆ మాట అనని మనిషి కూర్చున్న గదిలో నిలబడితే ఆ వాక్యం బరువెంతో తెలిసింది. ఆఫీసులో చిన్న ఇబ్బంది వస్తుందంటేనే నోరు మూసుకున్న రోజులు నాకు గుర్తొచ్చాయి.

యూత్ గ్రూపుతో వచ్చేవాళ్ళు చాలా ముందుగా స్లాట్ చూసుకోండి, ఒక్కో గ్రూపులో కొద్దిమందికే చోటు. తిరుగు రైల్లో అమ్మ కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుని, "ఆ పెద్దాయన ఏమన్నాడో ఇంకోసారి చెప్పు నాన్నా" అంది.