మంజూరు తేదీ నుంచే గడువు: సీడ్ గ్రాంటుతో ఎనిమిదేళ్లు

మా వైద్య కళాశాల తన అధ్యాపకులకు చిన్న పరిశోధనలు మొదలుపెట్టడానికి ఇచ్చే సీడ్ గ్రాంటును ఎనిమిదేళ్లలో మూడుసార్లు వాడుకున్నాను. దరఖాస్తు ఎలా నింపాలో, ఏ ఖర్చులకు అనుమతి ఉంటుందో, అధ్యాపకుల జీతానికి అందులోంచి ఎందుకు ఏమీ రాదో ఈ రంగంలో ఉన్నవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. నేను రాయదలచుకున్నది నిబంధనల పత్రంలోని ఒకే ఒక్క వాక్యం గురించి. మంజూరు పత్రం తేదీ నుంచి పన్నెండు నెలల్లోపు నిధులు ఖర్చు చేయాలని, మిగిలిన మొత్తం తిరిగి కళాశాల ఖాతాకు జమ అవుతుందని అందులో ఉంటుంది. ఆ వాక్యం మీద నాకున్న కోపం ఇప్పటికీ చల్లారలేదు.

మొదటిసారి ఆ వాక్యాన్ని చదివిన గుర్తు కూడా లేదు. అప్పుడు నేను చేసింది పాత కేసు షీట్ల ఆధారంగా సాగిన అధ్యయనం. రోగులపై జరిగే పరిశోధనల నైతికతను పరిశీలించే ఎథిక్స్ కమిటీ దాన్ని పూర్తి సమావేశానికి పెట్టకుండానే త్వరగా అనుమతించింది, కొనవలసిన వస్తువులేవీ లేవు, ఖర్చంతా వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించిన సహాయకుడి వేతనమే. తొమ్మిది నెలల్లో పని ముగిసింది. ఆ ఉత్సాహంలో విభాగంలోని జూనియర్లందరికీ ఇంతకంటే సులువైన నిధి మరొకటి ఉండదని చెప్పాను. ఆ మాట నా అధ్యయనం స్వభావాన్ని బట్టి నిజమైందే తప్ప ఆ నిధి గొప్పతనం వల్ల కాదని తెలియడానికి రెండో గ్రాంటు రావలసి వచ్చింది.

రెండోసారి విషయం గుండె శస్త్రచికిత్స తరువాత వచ్చే కిడ్నీ దెబ్బను ముందే పసిగట్టడం. కిడ్నీలు వడపోయాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థ పదార్థం రక్తంలో పెరగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మూత్రంలో ఎన్‌గాల్ అనే ప్రోటీన్ మాత్రం కొన్ని గంటల్లోనే పెరుగుతుందని 2005 నుంచే అధ్యయనాలు చెబుతున్నాయి. మా రోగులలో ఆ మూత్ర నమూనాలను వేళకు సేకరించగలమా అన్నదే నా ప్రశ్న. 30 మంది రోగులు, ఒక్కొక్కరికి శస్త్రచికిత్సకు ముందు ఒకటి, తరువాత రెండు, ఆరు, ఇరవై నాలుగు గంటలకు ఒక్కొక్కటి చొప్పున మొత్తం 120 నమూనాలు. ఆ ప్రోటీన్‌ను కొలిచే ఎలైజా కిట్‌లో నమూనాలు పోసే 96 గుంటలు ఉంటాయి; పోల్చి చూసేందుకు వాడే ప్రామాణిక ద్రావణాలకు 16 పోగా, ప్రతి నమూనాను రెండేసి గుంటల్లో పరీక్షిస్తే కిట్‌కు 40 నమూనాలు పడతాయి. అంటే మూడు కిట్లు సరిగ్గా సరిపోవాలి. కాగితం మీద ఇంత చక్కగా కుదిరిన లెక్క నా జీవితంలో మరొకటి లేదు.

మంజూరు పత్రం అందిన తరువాతే ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టాను. అది నా పొరపాటేనని ఒప్పుకుంటాను. శస్త్రచికిత్సకు ముందురోజు సాయంత్రం, భయంలో ఉన్న రోగి దగ్గర సమ్మతి తీసుకోవడం సబబేనా అని కమిటీ అడిగింది. ప్రశ్న న్యాయమైనదే. సమ్మతి పత్రాన్ని ఓపీలోనే ముందుగా ఇచ్చేలా మార్చి మళ్లీ సమర్పించేసరికి ఐదు నెలలు గడిచాయి. అనుమతి వచ్చేదాకా నిధులు విడుదల కావు, విడుదలైతే గాని కొటేషన్లు పిలవకూడదు, కాని గడువు మాత్రం మొదటి రోజు నుంచే తరిగిపోతూ ఉంటుంది. కిట్లు చేతికందింది ఎనిమిదో నెలలో. సరఫరాదారు దగ్గర తగినంత వాడకపు గడువున్నవి రెండే ఉన్నాయి, మూడోది తరువాత పంపుతామన్నారు. నమూనాలను మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు కనుక ఆరో నెల నుంచే సేకరణ మొదలుపెట్టి ఎలాగో నెట్టుకొచ్చాము.

పదకొండో నెలలో మూడో కిట్ కోసం ఆర్డరు కాగితం పంపితే, గడువు ముగియడానికి నెల ముందే కొనుగోళ్లు నిలిపివేస్తామని అకౌంట్స్ విభాగం తిప్పి పంపింది. పొడిగింపు అడుగుదామంటే దానికి 60 రోజుల ముందే దరఖాస్తు చేసుకోవాలట. ఆ 60 రోజుల గీటు దాటేనాటికి పని సకాలంలో అయిపోతుందనే నేను నమ్ముతున్నాను. ఆలస్యమవుతుందని ముందే తెలిసినవాడు మాత్రమే పొడిగింపుకు అర్హుడని దీని భావం కాబోలు. మిగిలిన సొమ్ము మురిగిపోయింది. 27 మంది నుంచి 108 నమూనాలు తీశాము. రెండు కిట్లతో 20 మందివే, అంటే 80 మాత్రమే పరీక్షించగలిగాము. మిగతా 28 ట్యూబులు ఇప్పటికీ ఫ్రీజర్ అడుగు అరలో ఉన్నాయి. మరో గ్రాంటు సొమ్ముతో పాత అధ్యయనానికి కిట్ కొనకూడదన్నది వేరొక నిబంధన.

ఇంత జరిగినా ఆ అసంపూర్ణ అధ్యయనమే తరువాత బయటి నిధికి దారి తీసిందని చెప్పకపోతే అన్యాయమవుతుంది. పరీక్షించిన 20 మందిలో ఆరుగురికి కిడ్నీ దెబ్బతింది. ఇంత చిన్న సంఖ్య మీద ఎన్‌గాల్ పనితనాన్ని తేల్చలేము. ఇలాంటి చిన్న ముందస్తు అధ్యయనంలో (పైలట్‌లో) కనిపించిన తేడాను పట్టుకుని పెద్ద అధ్యయనానికి రోగుల సంఖ్యను లెక్కగట్టవద్దని 2006లో గణాంక నిపుణురాలు హెలెనా క్రేమర్ బృందం హెచ్చరించనే హెచ్చరించింది. బయటి సమీక్షకులు మెచ్చుకున్నది మేము సిగ్గుపడుతూ అనుబంధంలో పెట్టిన వివరాలను: అడిగిన 38 మందిలో 27 మంది ఒప్పుకోవడం, తొమ్మిది మందిలో ఆరు గంటల నమూనా గంటకు పైగా ఆలస్యం కావడం, ఆ ఆలస్యాలు దాదాపు అన్నీ రాత్రి డ్యూటీ మారే వేళలోనే పడడం. ఆ ఒక్క సంగతి తెలిసినందువల్ల పెద్ద అధ్యయనానికి రాత్రి నర్సు ఒకరిని అడగగలిగాము.

మూడోసారి ఎథిక్స్ అనుమతి చేతబట్టుకునే దరఖాస్తు చేశాను, పది నెలల్లో ముగించాను. అయితే నిధి వస్తుందో రాదో తెలియకుండానే కమిటీ చేత అంత పని చేయించవలసి వచ్చింది, పైగా ఆ అనుమతికీ ఏడాదే గడువు. ఇప్పుడు జూనియర్లు అడిగితే, రికార్డుల మీద గాని ఇదివరకే దాచిన నమూనాల మీద గాని పనిచేసేవారైతే నిశ్చింతగా తీసుకోమంటున్నాను. కొత్త రోగులను చేర్చుకునే అధ్యయనమైతే, గడువును అనుమతి తేదీ నుంచి లెక్కిస్తారేమో ముందు రాతపూర్వకంగా అడగమంటున్నాను. నాకైతే మూడోసారికి ఫైలు నడిచే దారి తెలుసు, విభాగంలో బోధన భారం పంచుకునే సహచరులూ ఉన్నారు. ఆ రెండూ లేనివారికి ఈ నిధి ఎంత అచ్చివస్తుందో నా అనుభవాన్ని బట్టి చెప్పడం కష్టం.