పారా క్రీడాకారుల మానసిక శిక్షణ కోర్సు: స్త్రీ పురుష విభజన ఎంతవరకు సబబు?

వైకల్యం ఉన్న క్రీడాకారులకు పోటీ ఒత్తిడిలో మనసును అదుపులో ఉంచుకోవడం నేర్పుతామని చెప్పే ఒక ఆన్‌లైన్ కోర్సును, నా దగ్గర శిక్షణ పొందుతున్న పారా అథ్లెట్లతో ఒక సీజన్ పొడవునా వాడి చూశాను. ఆడియో పాఠాలు, పోటీకి ముందూ తర్వాతా నింపే ప్రశ్నావళులు, సైకాలజిస్టుతో వీడియో సంభాషణలు ఇందులో ఉంటాయి. మహిళలకు ఒక పాఠ్యక్రమం, పురుషులకు మరొకటి ఇవ్వడమే తమ ప్రత్యేకత అని నిర్వాహకులు చెప్పుకుంటారు. ఆ మాట నమ్మి చేరేవారే ఎక్కువ కాబట్టి ముందుగా దానినే పరిశీలిస్తాను.

మహిళల పాఠాలలో ఆందోళనను తగ్గించే శ్వాస అభ్యాసాలు, తనతో తాను ధైర్యంగా మాట్లాడుకునే పద్ధతులు ఎక్కువ. పురుషుల పాఠాలు ఉత్సాహాన్ని పెంచుకోవడం, ఏకాగ్రత నిలుపుకోవడం చుట్టూ తిరుగుతాయి. ఈ విభజనకు ఆధారం లేకపోలేదు. ఆలోచనల్లోని ఆందోళనను, ఒంట్లో తెలిసే ఆందోళనను, ఆత్మవిశ్వాసాన్ని వేరువేరుగా కొలిచే ప్రశ్నావళులు క్రీడా మనస్తత్వ శాస్త్రంలో చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. వాటిలో పురుషులకంటే మహిళలు సగటున ఎక్కువ ఆందోళనను, తక్కువ ఆత్మవిశ్వాసాన్ని నమోదు చేయడం తరచూ కనిపించేదే. అయితే సగటు ఒక గుంపును గురించి చెబుతుందే తప్ప ఎదురుగా ఉన్న మనిషిని గురించి చెప్పదు. పైగా ప్రశ్నావళికి అందేది మనిషి ఒప్పుకున్న ఆందోళన మాత్రమే. మా బృందంలో ప్రతి ప్రశ్నకూ నిబ్బరంగా జవాబు రాసిన ఒక జావెలిన్ క్రీడాకారుడు పోటీ ముందు రాత్రి కంటిమీద కునుకు లేకుండా గడిపేవాడు. వీల్‌చైర్ రేసింగ్ చేసే ఒక అమ్మాయికి కావలసింది శాంతపరిచే పాఠం కాదు, స్టార్ట్ లైన్ దగ్గర చురుకు పుట్టించే పాఠం. ఇద్దరికీ కోర్సు సరిగ్గా తలకిందుల పాఠాలు ఇచ్చింది.

ఆత్మవిశ్వాసంలోని తేడాను మహిళల స్వభావానికి ముడిపెట్టడం నాకు మరింత అభ్యంతరకరంగా తోచింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 1,983 మంది మహిళలు పాల్గొన్నారు. అదే అప్పటివరకు రికార్డు, అయినా మొత్తం క్రీడాకారులలో వారు సగానికి చేరలేదు. కింది స్థాయి పోటీలలో మహిళల ఎంట్రీలు తక్కువగా ఉన్నప్పుడు రెండు మూడు వైకల్య వర్గాలను కలిపి ఒకే ఈవెంట్‌గా నిర్వహిస్తారు, లేదా ఈవెంట్‌నే రద్దు చేస్తారు. తనకు సమానమైన ప్రత్యర్థితో తలపడే అవకాశమే అరుదైన క్రీడాకారిణికి తన సత్తాపై నమ్మకం ఎక్కడినుంచి రావాలి? ఈ ప్రశ్నను కోర్సు ఒక్క పాఠంలో కూడా తాకదు.

ఇంత చెప్పినా, మహిళల పాఠ్యక్రమంలోని ఒక భాగాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. పోటీ ముగిశాక చేయించే ఆత్మపరిశీలన అది. ఓటమి తర్వాత లోపమంతా తమలోనే ఉందని పదే పదే తలచుకుని కుమిలిపోయే అలవాటును గుర్తించి, చేతిలో ఉన్నవాటినీ లేనివాటినీ విడివిడిగా రాయిస్తారు. చక్రాల అమరిక, చేతి తొడుగుల పట్టు, వార్మప్‌కు దొరికిన సమయం ఒకవైపు, గాలి, వర్గాల విలీనం మరోవైపు చేరతాయి. మా అమ్మాయిలు కొందరు దీనితో తర్వాతి పోటీకి స్పష్టమైన లక్ష్యాలు పెట్టుకోగలిగారు. ఇదే అభ్యాసాన్ని అబ్బాయిల చేతా చేయిస్తే వారికీ అంతే ఉపయోగపడింది. తేడా కనిపించింది సైకాలజిస్టుతో మాట్లాడటంలో. అమ్మాయిలు తొందరగా మనసు విప్పారు, అబ్బాయిలతో మాత్రం కూర్చుని విసిరేవారు వాడే ఫ్రేమ్ గురించో టెక్నిక్ గురించో మొదలుపెడితే తప్ప మాట ముందుకు సాగలేదు. దీన్ని పసిగట్టి తన తీరు మార్చుకున్న సైకాలజిస్టు ఈ కోర్సులోని అత్యంత విలువైన అంశం.

అసలు లోపం శరీరానికి సంబంధించిన పాఠాలలో ఉంది. జర్మన్ వైద్యుడు యోహానెస్ షుల్ట్స్ 1932లో ప్రచురించిన ఆటోజెనిక్ శిక్షణను దాదాపు యథాతథంగా వాడారు. చేతులు, కాళ్లు బరువెక్కుతున్నాయని, వెచ్చబడుతున్నాయని మనసులో అనుకుంటూ ఆ అనుభూతిని పొందడం ఆ పద్ధతి. నడుము కింద స్పర్శే లేని వ్యక్తి ఆ వాక్యం విని ఏం చేయాలి? కాలు తొలగించినవారిలో లేని కాలిపై దృష్టి పెట్టించడం ఫాంటమ్ నొప్పిని, అంటే లేని అవయవంలో తెలిసే నొప్పిని రేపవచ్చు. కండరాలను బిగించి వదిలే అభ్యాసం సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాల అదుపు తప్పే స్థితి) ఉన్నవారిలో బిగుతును ఇంకా పెంచవచ్చు.

గుండె వేగాన్ని ఆందోళనకు కొలమానంగా చూపించడం కూడా సరికాదు. మెడ దగ్గర వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నవారిలో గుండె వేగం తీవ్ర శ్రమలో సైతం సాధారణంగా నిమిషానికి 110 నుంచి 130 మధ్యే ఆగిపోతుంది, ఎందుకంటే దాన్ని పెంచే నాడీ సంకేతాలు గుండెకు చేరవు. అటువంటి అథ్లెట్‌కు కోర్సు యాప్ ఎప్పుడూ 'ప్రశాంతంగా ఉన్నారు' అనే చెబుతుంది. అంతకంటే ప్రమాదకరమైన విషయం మరొకటి ఉంది. ఆరవ ఛాతీ వెన్నుపూసకు పైన గాయమైనవారిలో మూత్రాశయం నిండినా, పట్టీ బిగుసుకున్నా రక్తపోటు ఒక్కసారిగా పెరిగి, తీవ్రమైన తలనొప్పి, ముఖంపై చెమటలు రావచ్చు. ఇది ప్రాణాపాయానికి దారితీయగల స్థితి. కోర్సు మాత్రం తలనొప్పిని, చెమటను పోటీ కంగారు జాబితాలో చేర్చి లోతుగా ఊపిరి తీసుకోమంటుంది. ఈ పాఠాన్ని వెంటనే తొలగించాలని నిర్వాహకులకు రాశాను. ఇది రాసేనాటికి అది ఇంకా అలాగే ఉంది.

స్త్రీ పురుషుల తేడాను నిజంగా పట్టించుకోవలసిన చోటు కూడా ఇదే. వీల్‌చైర్‌కు అనువైన మరుగుదొడ్డి దొరకదన్న భయంతో పోటీ రోజున నీళ్లు తాగడం మానేసే క్రీడాకారిణులు ఉన్నారు. ఒంట్లో నీరు తగ్గితే ఏకాగ్రత చెదురుతుంది. మహిళల పాఠ్యక్రమం అని పేరు పెట్టినవారు దీని గురించి ఒక్క మాటైనా చెప్పి ఉండవలసింది.

ఆడియో పాఠాలన్నింటికీ రాతప్రతులు ఉన్నాయి, స్క్రీన్ రీడర్‌తో యాప్ చక్కగా పనిచేస్తుంది. పుట్టుకతో చూపు లేనివారికి మాత్రం 'మైదానాన్ని కళ్ల ముందు చూడండి' అనే ఊహా అభ్యాసాలకు బదులు శబ్దంతో, స్పర్శతో నడిచేవి కావాలి.

తోడుగా ఉండి పాఠాలను ఎంపిక చేయగల కోచ్ ఉన్నవారికి ఈ కోర్సును సిఫారసు చేస్తాను. వెన్నుపాము గాయం ఉండి ఒంటరిగా సాధన చేసేవారు ప్రస్తుతానికి చేరకపోవడమే మంచిది. చేరేవారు రెండు పాఠ్యక్రమాలనూ తెరవమని మొదటిరోజే అడగండి. అభ్యర్థిస్తే తెరుస్తారు, కాని ఆ వెసులుబాటు ఉన్నట్టు వారు ఎక్కడా ప్రకటించలేదు.