గడపలోంచి పడగ: అట్టముక్కలతో పదాల వేట, మూడేళ్ల వాడకం తర్వాత

గడప, పడగ, పగడ. మూడింటిలోనూ అవే అక్షరాలు. పలకను తిరగేస్తే కలప, కడపను తిరగేస్తే పడక, తలను తిరగేస్తే లత. తెలుగులో అక్షరాల తారుమారు అనగానే అందరికీ ముందు తట్టేవి ఇవే. ఒత్తు, గుణింతం లేని మాటలు కాబట్టి ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. ఇబ్బందల్లా ఒక ఊరి పేరు ముందు పెట్టుకుని, అందులోని అక్షరాలతో వీలైనన్ని మాటలు తీసే ఆట మొదలెట్టినప్పుడే.

విజయనగరం తీసుకోండి. అక్షరాన్ని అక్షరంగానే ఉంచితే వి, జ, య, న, గ, రం అని ఆరు. అందులోంచి విజయ, వినయ, నగరం, నగ, గజ, గరం లాంటివి ఓ పది వస్తాయి, ఆట అయిపోతుంది. శ్రీకాకుళం అయితే మరీ అన్యాయం. శ్రీ, కా, కు, ళం. ఈ నాలుగింటితో పిల్లలు రెండు నిమిషాల్లో విసిగిపోతారు. తప్పు ఊరి పేరుది కాదు, విడగొట్టిన తీరుది.

ఇక్కడ చెబుతున్న అట్టముక్కల పెట్టె ఆ తీరునే మార్చుతుంది. అక్షరాలు అచ్చయిన ముక్కలు కావివి. హల్లు ఒక ముక్క, గుణింతపు గుర్తు ఇంకో ముక్క, సున్న ఇంకోటి, ఒత్తు కలపడానికి పొల్లు ఇంకోటి. తలకట్టుకు విడిగా ముక్క లేదు, అది హల్లుతోనే వస్తుంది. కాబట్టి వి లోంచి గుడి తీసేస్తే మిగిలేది వ. శ్రీ అంటే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. విజయనగరంలో ఇప్పుడు ఎనిమిది ముక్కలు: వ, గుడి, జ, య, న, గ, ర, సున్న. వాటిలో వరి ఉంది, గంజి ఉంది, నిజం ఉంది, వనజ, రజని, వంగ, గని, జగం, వినయం ఉన్నాయి. జనవరి కూడా ఉంది! ఈ ఒక్క మాట దొరికిన రోజు నుంచి విడగొట్టే పద్ధతి మీద ఎవరికీ అనుమానం మిగలదు. శ్రీకాకుళంలో కాకర, కీర, కారం, శాకం, కంకర, శకం, కాశీ, కాళీ. కూరగాయల బుట్టంతా ఆ పేరులోనే ఉందన్నమాట.

నెల్లిమర్లను అక్షరాలుగా చూస్తే ఒక్క మాటా రాదు. ముక్కలుగా చూస్తే మల్లె, నెమలి, నెల, నల్లి. పార్వతీపురంలో పర్వతం, పావురం, తీరం, పీత, పాతర. గజపతినగరం మాత్రం రెండు పద్ధతుల్లోనూ పండుతుంది. జగతి, గతి, పగ, నగ అక్షరాలతోనే వచ్చేస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదటి పేరుగా దాన్నే ఇవ్వాలి.

ముక్కల లెక్క ఇది. క గ చ డ త ద న ప మ ర ల వ స, ఈ పదమూడూ నాలుగేసి. ఙ, ఞ, ఱ వదిలేసి మిగిలిన పంతొమ్మిది హల్లులూ రెండేసి. మొత్తం 90. క్ష కు ముక్క అక్కర్లేదు, క, పొల్లు, ష చాలు. గుణింతాల్లో కొమ్ము 10, దీర్ఘం 8, గుడి 8, గుడిదీర్ఘం, కొమ్ముదీర్ఘం, ఎత్వం, ఏత్వం నాలుగేసి, ఒత్వం, ఓత్వం మూడేసి, ఐత్వం, ఔత్వం ఒక్కోటి. అవి 50. సున్నలు 6, పొల్లులు 8, అచ్చులు 12. అన్నీ కలిపి 166.

కొలత విషయంలో మొండిగా ఉండాలి. ఎ4 అట్ట మీద 2.5 సెంటీమీటర్ల గళ్లు గీస్తే అట్టకు 88 చొప్పున రెండు అట్టల్లోనే సరిపోతాయి, అందుకే చాలామంది అలాగే కోస్తారు. కానీ ఆ కొలతలో ష కు, ప కు, ద కు, ధ కు తేడా దీపం వెలుగులో కనబడదు, పెద్దవాళ్ల వేళ్లకు ముక్క అందదు. 3 సెంటీమీటర్లు పెట్టుకుంటే అట్టకు 63, మూడు అట్టలు పడతాయి. అదే సరైనది. అట్ట 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్నది కావాలి. అంతకన్నా పల్చనైతే ఫ్యాను గాలికి లేచిపోతాయి, వీధి అరుగు మీద అయితే సముద్రపు గాలికి మరీను.

ప్రతి ముక్కకూ అడుగున ఒక గీత గీయడం మరిచిపోకూడదు. గుణింతపు గుర్తు ఒంటరిగా ఉన్నప్పుడు తలకిందులైతే ఏదో పోల్చుకోలేం. హల్లులు నలుపు, గుణింతాలు ఎరుపు, పొల్లు, సున్న నీలం అయితే కంటికి వెంటనే లెక్క తెలుస్తుంది. స్కెచ్ పెన్ను సిరా చేతి చెమటకు రెండు నెలల్లో అలికినట్టవుతుంది. చెరగని మార్కరు వాడి, ముఖం మీద వెడల్పు సెల్లో టేపు అంటిస్తే మూడేళ్లయినా అక్షరం చెదరలేదు. లామినేషను మాత్రం వద్దు. అట్టంతా లామినేట్ చేసి తర్వాత కోస్తే అంచులు విచ్చుకుంటాయి, వానాకాలంలో లోపలికి చెమ్మ పోయి ముక్క ఉబ్బుతుంది.

గుణింతపు ముక్కను హల్లు మీద కాకుండా కుడిపక్కన పెట్టాలి. పైన పెడితే హల్లు కనబడదు, ఆడేవాళ్లు దాన్ని లెక్కలోంచి మరిచిపోతారు.

వెతికే క్రమం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ముక్కలు కలియబెట్టి చూస్తూ కూర్చుంటే ఎవరికైనా ఐదు మాటల తర్వాత ఆగిపోతుంది. తెలుగు మాట ఎక్కువగా కొమ్ముతోనో, గుడితోనో, సున్నతోనో, తలకట్టుతోనో ముగుస్తుంది. కాబట్టి ముందు కొమ్ము, గుడి, సున్న ఎన్ని ఉన్నాయో చూసి వాటిని కుడిచివర పెట్టాలి. సున్న చివర ఉంచి ఎడమవైపు రెండు హల్లులు మార్చుతూ పోతే వనం, వరం, జనం, జయం, నయం, గజం వరసగా రాలతాయి. అది అయ్యాక సున్నను మధ్యకు జరపాలి: గంజి, వంగ. ఆ తర్వాత గుడిని చివర పెట్టాలి: వరి, రవి, గని, రజని. ఒక హల్లును మొదట నిలబెట్టి మిగతావన్నీ తిప్పడం రెండో విడత. పొల్లు ఉంటే దాన్ని చివరికి వదిలేయాలి. ఒకే హల్లు రెండుసార్లు ఉందేమో చూస్తే ద్విత్వం దొరుకుతుంది, మల్లె, నల్లి అలా వచ్చినవే.

లెక్క తప్పడం ఈ ఆటలో పెద్ద జబ్బు. చీపురుపల్లిలో పులుపు ఉందని దాదాపు ప్రతివాళ్లూ రాస్తారు. లేదు. పులుపుకు మూడు కొమ్ములు కావాలి, చీపురుపల్లిలో ఉన్నవి రెండు. పిలుపు మాత్రం ఉంది. పిల్ల ఉంది, పిల్లి లేదు, దానికి రెండు గుడులు కావాలి. కాగితం మీద ఆడితే ఇలాంటి తప్పులు గంటకు పది దొర్లుతాయి. ముక్కలతో దొర్లవు, లేని ముక్కను ఎవరూ పెట్టలేరు కాబట్టి. ఈ పెట్టెకున్న అసలు విలువ ఇదే.

నియమాలు ముందే కట్టుకోవాలి. కు, ని, లో లాంటి విభక్తులు తగిలించిన మాటలు, లు చేర్చిన బహువచనాలు ఒప్పుకుంటే ఆటకు అంతుండదు. నిఘంటువులో తలపదంగా, అంటే విడిగా అర్థం ఇచ్చిన మాటగా ఉన్నదే లెక్క. అచ్చు మాట మొదట్లోనే రావాలి. పొల్లుతో మాట ముగియకూడదు. నిఘంటువు చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: 1885 నాటి శబ్దరత్నాకరం లాంటి పాత నిఘంటువుల్లో నగరం ఉండదు, నగరము ఉంటుంది. చివరి సున్నను ము చేసి వెతకాలి. ఇది తెలియక మంచి మాటలు కొట్టేసిన సందర్భాలు చాలా ఉన్నాయి.

అక్షరాన్ని ముక్కలు చేయడం సంప్రదాయానికి విరుద్ధమని కొందరు పెద్దలంటారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. అవధానంలో వ్యస్తాక్షరి (తారుమారుగా ఇచ్చిన అక్షరాలను వరసలో కూర్చి చెప్పడం) అక్షరం లెక్కనే నడుస్తుంది, వికటకవి అటూ ఇటూ ఒకేలా చదవగలిగేది అక్షరాన్ని అక్షరంగా ఉంచితేనే. ముక్కలు చేస్తే గుడి ముందుకొచ్చి వికటకవి చెడిపోతుంది. అందుకని తిరగేసి చదివే ఆటకు అక్షరం, మాటలోంచి మాట తీసే ఆటకు ముక్క. ముక్కల పద్ధతిలో పాము మాపు అవుతుంది, కాలు లాకు అవుతుంది, నారు రాను అవుతుంది.

ఫోన్లలో దొరికే పదశోధక యాప్‌లు ఎక్కువగా ఇంగ్లీషు కోసం చేసినవి. తెలుగు పెడితే గుణింతం ముందు, హల్లు వెనక పెట్టి చుక్కల వలయంతో అర్థం లేని వరసలు చూపిస్తాయి. సొంతంగా ప్రోగ్రాం రాసుకునేవాళ్లు అక్షరాల వరసలన్నీ తిప్పే దారి పట్టకూడదు. కంప్యూటరు లెక్కలో ఒక్కో ముక్కా ఒక సంకేతం. శ్రీకాకుళంలో పది సంకేతాలు, క రెండుసార్లు, కాబట్టి వరసలు 18,14,400. దానికి బదులు నిఘంటువులోని ఒక్కో మాటను తీసుకుని, దానికి కావలసిన ముక్కలు మన దగ్గర ఉన్నాయా అని లెక్క తీసేస్తే క్షణంలో అయిపోతుంది. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో పొల్లు తర్వాతి హల్లుతో కలవకుండా ఆపుతూ కనబడకుండా కూర్చునే 200సి సంకేతాన్ని ముందే తీసేయాలి, లేకపోతే లెక్క కలవదు. ఐత్వం రెండు రకాలుగా నమోదవుతుంది, రెంటినీ ఒకటి చేసే ఎన్ఎఫ్‌సీ అనే యూనికోడ్ రూపంలోకి మార్చాకే పోల్చాలి (యూనికోడ్ అంటే అక్షరాలకు ఈ సంకేతాలిచ్చే ప్రమాణం). అక్షరాలుగా విడగొట్టే పద్ధతి కావాలనుకుంటే యూనికోడ్ 15.1 కన్నా పాత లైబ్రరీలను నమ్మవద్దు. శ్రీని అవి శ్, రీ అని రెండుగా చీలుస్తాయి.

పెట్టెలో బయటపడ్డ లోపం బొబ్బిలి దగ్గర. ఆ ఒక్క పేరుకే మూడు బ లు కావాలి, ఉన్నవి రెండు. మూడు అట్టల్లో కోతకు మిగిలే 23 ఖాళీ గళ్లలో రెండు బ లు, రెండు గుడులు, ఒక ళ రాసుకోండి. మిగతా 18 ఖాళీగానే ఉంచి డబ్బాలో వేయండి, ముక్క పోయిన రోజు దాని మీద రాసుకోవచ్చు. ఎక్కువగా పోయేది గుడే.