వీణపెట్టెతో కాలేజీల వెంట

సంగీతం కాలేజీ చూడబోయేవాళ్ళు ముందు తరగతి గదులు చూస్తారు. మేము హాస్టళ్ళతో మొదలుపెట్టాం. మా మేనకోడలిది వీణ. ఇంటర్ అయిపోయింది, ఇక సంగీతమే చదువుతానని పట్టుబట్టింది. రోజూ గంటల తరబడి సాధన చేసే పిల్లకు ఆ గంటలు ఏ ఊళ్ళో, ఏ గదిలో దొరుకుతాయన్నదే నాకు అసలు ప్రశ్నగా కనిపించింది. అమలాపురంలో తెల్లవారుజామున వీణ మోగకపోతే పక్కింటివాళ్ళు 'పాపకు ఒంట్లో బాగోలేదా?' అని అడుగుతారు. ఊరు దాటాక ఆ భాగ్యం ఎక్కడిది!

అమలాపురానికి రైలు లేదు కనుక ఎక్కడికి వెళ్ళాలన్నా రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరాల్సిందే. బస్సులో చోటు లేక కండక్టరు వీణపెట్టెను డ్రైవరు పక్కన ఇంజను మీద పెట్టమన్నాడు. పిల్ల ససేమిరా అంది. వీణ మెట్లు నిలిచేది మైనం మీద. ఆ వేడికి మైనం మెత్తబడితే ఇరవై నాలుగు మెట్లూ పక్కకు జరుగుతాయి, మళ్ళీ మేళం కట్టించాలి, అంటే మెట్లన్నీ స్వరస్థానాలకు సరిగ్గా అమర్పించాలి. దానికి మనిషి దొరకాలి, దొరికినా ఒక రోజు పోతుంది. ఈ మాటలన్నీ విన్న కండక్టరు చివరి సీటు ఖాళీ చేయించి, పెట్టెను కిటికీ వైపు ఆనించి నిలబెట్టించాడు. మంచివాడు. మే నెలలో వీణతో ప్రయాణం పెట్టుకునేవాళ్ళు పెట్టె మీద తడి తువ్వాలు కప్పాలని మాత్రం చూడకండి, తేమ కూడా చెరుపే.

రాజమండ్రిలో ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల ఉంది. ఇంటికి దగ్గర, డిగ్రీ కాలేజీలో చేరి దీన్ని పక్కన పెట్టుకోవచ్చు. ఇప్పుడే మొదలుపెట్టే పిల్లలకైతే కళ్ళు మూసుకుని ఇదే చెబుతాను. మా పిల్ల ఆ దశ దాటింది. స్టేషను దగ్గర దిగిన లాడ్జి మాత్రం గుర్తుండిపోయింది. పడకలు శుభ్రం, నీళ్ళు వేడి, గోడలు అట్టముక్కలు. రాత్రి ఎనిమిదింటికి వర్ణం మొదలుపెట్టగానే మేనేజరు తలుపు తట్టాడు.

విజయవాడలో ఘంటసాల పేరుమీద ఉన్న ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ మంగళంపల్లి బాలమురళీకృష్ణ. మా శంకరగుప్తంలో పుట్టినవాడే కదా అని మా అక్కయ్యకు ఆ కాలేజీ మీద ముందు నుంచీ మనసు. నాకు నచ్చింది ఊరు. 1948 నుంచి ఆకాశవాణి కేంద్రం ఉంది, కచేరీలు ఉంటాయి, కాలేజీ బయట కూడా గురువులు దొరుకుతారు. చిక్కంతా బసతోనే వచ్చింది. మేము చూసిన ప్రైవేటు హాస్టళ్ళలో గదికి నలుగురేసి అమ్మాయిలు, అందరూ పోటీ పరీక్షలవాళ్ళు. "వాయిద్యమా? వద్దమ్మా, మిగతావాళ్ళ చదువు పాడవుతుంది" అంది ఒక వార్డెన్. ఆమెను తప్పు పట్టలేం. విడిగా ఇల్లు తీసుకుంటే అద్దె మా బావగారి జీతం కొలతకు పొసగదు.

విజయనగరం చేరేసరికి అందరం డీలాపడి ఉన్నాం. అక్కడి మహారాజా సంగీత కళాశాల పుట్టుకే ఇలాంటి వెతుకులాట. ఆస్థాన ఉద్యోగి చాగంటి జోగారావు చూపు లేని తన కొడుకు గంగరాజుకు సంగీతం నేర్పించే దారి చూపమని విజయరామ గజపతిని అడిగితే, ఆయన ఏకంగా 1919లో కళాశాలే పెట్టేశాడు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ ఆచార్యుడు, తర్వాత ఆయనా ప్రిన్సిపాల్ అయ్యాడు. ఘంటసాల, సుశీల ఇక్కడే చదివారు. ఈ పేర్లన్నీ గొప్పవే కానీ, పేర్లు చూసి ఫీజు కట్టకూడదు. ఏ కాలేజీకి వెళ్ళినా మేము అడిగిన ప్రశ్నలు వేరు: ఇప్పుడు వీణ చెప్పేది ఎవరు? రెగ్యులర్ అధ్యాపకులా, కాంట్రాక్టువాళ్ళా, పోస్టు ఖాళీయా? పరీక్షకు కావలసిన కృతులతో సరిపెడతారా, అప్పటికప్పుడు అల్లి వాయించే ఆలాపన, కల్పనస్వరం కూడా కూర్చోబెట్టి చెబుతారా? సీనియర్ విద్యార్థుల వాయింపు ఒక గంట వినకుండా తిరిగి రావద్దు.

ఊరు చిన్నది కావడం ఇక్కడ కలిసొచ్చింది. కోట దగ్గర మేడమీద ఒక గది చూశాం. ఇల్లుగలావిడ పెట్టె చూసి "ఏం వాయిద్యం?" అని అడిగి, వీణ అనగానే చాప తెచ్చి పరిచింది. పిల్ల కూర్చుని మోహన రాగం వాయించింది. అద్దె మాట ఆ తర్వాతే వచ్చింది. పైగా, పనసకర్రలో ఏకాండంగా, అంటే ఒకే దుంగలో, వీణలు చెక్కే గొల్లపల్లి బొబ్బిలి పక్కనే ఉంది. మెట్టు కదిలినా, తీగె బిగించే బిరడా వదులైనా పెట్టె పట్టుకుని ఊళ్ళు తిరగక్కర్లేదు.

ఇంటికొచ్చాక బావగారు ఈ కాలేజీలు ఇచ్చే సర్టిఫికెట్, డిప్లొమా అంటే డిగ్రీతో సమానమా అని అడిగారు. కాదు. సర్టిఫికెట్ నాలుగేళ్ళు, డిప్లొమా రెండేళ్ళు, డిగ్రీ వేరే. అందుకని బీఏ దూరవిద్యలో కట్టించాలని అనుకున్నాం. ఎం.ఏ. దాకా వెళితే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సంగీత శాఖలున్నాయి. "వీణ నేర్చి ఎవరు పైకొచ్చారు?" అన్నది ఆయన రెండో ప్రశ్న. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రినీ, ఆయన శిష్యుడైన మన కాకినాడ చిట్టిబాబునూ గుర్తుచేశాను. "అదంతా ఆ రోజుల్లో" అన్నారు. అక్కడికి నా దగ్గర జవాబు లేదు.

దరఖాస్తుల్లో విజయనగరం మొదట, విజయవాడ తర్వాత, మూడోది తిరుపతిలో దేవస్థానం నడిపే సంగీత నృత్య కళాశాల. చెన్నై వెళ్ళి నేర్చుకునే సంగతి డిప్లొమా అయ్యాక చూద్దామని పిల్లే అంది. తిరుపతి మేమింకా చూడలేదు, దర్శనం పేరుతో వెళ్ళాలి. చూడకుండానే బావగారి మొగ్గు అటే. దేవుడి సొమ్ముతో నడిచే చోట భోజనానికి లోటుండదని ఆయన నమ్మకం.